మన గేటు దగ్గరి ఫౌజీ

నాగోల్‌లో మెట్రో ఎక్కి ఉప్పల్ నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్తే ఎనిమిదో స్టేషన్ పరేడ్ గ్రౌండ్. మధ్యలో రైలు మారే పని లేదు. ఆ మైదానంలోనే వీరుల సైనిక స్మారకం ఉంది. ఆగస్టు 15న గోల్కొండ కోటలో జెండా ఎగరేసే ముందు ముఖ్యమంత్రి అక్కడికొచ్చి పుష్పగుచ్ఛం ఉంచి నమస్కరించి వెళ్తారు. మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది. ఆ తర్వాత మళ్లీ రిపబ్లిక్ డే దాకా ఆ స్మారకం ఊసు నగరానికి పెద్దగా పట్టదు.

అదే బ్లూలైన్ రైల్లో ఏ మామూలు రోజున ఎక్కినా ఒకాయన తగలొచ్చు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, వంగని వీపు, మెరిసే బూట్లు, చంకలో మడతపెట్టిన పెద్ద సంచీ. సికింద్రాబాద్‌లో మిలిటరీ క్యాంటీన్‌కో, బీపీ మాత్రల కోసం ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌కో బయల్దేరిన మాజీ సైనికుడు. రాతి మీద పేరెక్కినవాళ్లకు చేయాల్సిన మర్యాద మనకు కొంత తెలుసు. ఈ సంచీ పట్టుకున్నాయనకు చేయాల్సిన మర్యాదే ఇంకా ఒంటబట్టలేదు.

సగం పింఛను, నిండు సంసారం

అగ్నివీరుల నియామకాలు మొదలవక ముందు చేరిన సిపాయి ఉద్యోగానికి ఒక వింత లెక్కుంది. పద్దెనిమిదీ ఇరవై ఏళ్ల మధ్య భర్తీ ర్యాలీలో పరుగు పందెం గెలిచి చేరతాడు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లోనో, సికింద్రాబాద్‌లోని ఈఎంఈ, ఏఓసీ సెంటర్లలోనో, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లోనో శిక్షణ. తర్వాత రాజస్థాన్ ఇసుకా, సిక్కిం మంచూ, కశ్మీర్ చెట్లూ. నలభై దగ్గర పడేసరికి రిటైర్మెంట్! అదే వయసున్న గుమాస్తా తన ఆఫీసులో తర్వాతి ప్రమోషన్ ఎప్పుడా అని ఎదురు చూస్తుంటాడు. ఇక్కడ ఫౌజీ ట్రంకు పెట్టె దించుకుని ఇంటికొచ్చేస్తాడు. పెద్దపిల్ల ఎనిమిదో తరగతి, చిన్నోడు ఆరు. అసలు ఖర్చంతా ముందుంది.

సైనికుడు తన పింఛనులో 50 శాతం దాకా ముందే అమ్ముకోవచ్చు. కమ్యుటేషన్ అంటారు. దానికి గ్రాట్యుటీ, ఫండు కలిస్తే చేతికి ఒక మొత్తం వస్తుంది. అమ్ముకున్న భాగం మళ్లీ పింఛనులో కలిసేది 15 ఏళ్ల తర్వాతే. అంటే పిల్లల ఫీజులు, పెళ్లిళ్లు ముంచుకొచ్చే ఏళ్లలోనే నెలకు సగం పింఛను. ఆ మొత్తంతో చాలామంది చేసే పని ఒక్కటే, వంద గజాల ప్లాటు కొనడం. సొంతూరు నల్లగొండో సూర్యాపేటో ఖమ్మమో అయితే చూపు సహజంగా నగరానికి తూర్పు వైపే పోతుంది. ఊరెళ్లే రోడ్డు ఎల్బీనగర్ నుంచే కదా! నాగోల్, బండ్లగూడ, మన్సూరాబాద్, వనస్థలిపురం, హయత్‌నగర్ కాలనీల్లో, సందు చివర, మునగచెట్టూ నీళ్ల సంపూ ఉన్న ఇళ్లలో మిలిటరీ పింఛనుదారులు స్థిరపడింది ఇలాగే. సైనిక్‌పురిలాగా పేరులోనే తెలిసిపోయే కాలనీ కాదు కాబట్టి వీళ్లు కలిసిపోయి ఉంటారు. పక్కింటివాళ్లకు కూడా 'మిలిటరీ ఆయన' అన్నంతవరకే తెలుసు.

సగం పింఛనుతో సంసారం నడవదు. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి కొలువుల్లో 10 శాతం, గ్రూప్-డిలో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. నిజమే. కానీ పరీక్ష పరీక్షే. పదిహేడేళ్లు రైఫిల్ పట్టుకున్న చేత్తో లాభనష్టాల లెక్కలు, రీజనింగ్ చిక్కుముళ్లు విప్పాలి. కొందరు కష్టపడి బ్యాంకుల్లో, పోస్టాఫీసుల్లో, రైల్వేలో కుదురుకుంటారు. కొందరు కిరాణా కొట్టు పెడతారు. చాలామంది మాత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా వరుసగా ఉన్న బట్టల షోరూములు, కార్పొరేట్ ఆస్పత్రులు, కోచింగ్ సెంటర్లు, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర తేలతారు. పన్నెండు గంటల డ్యూటీ, నీలం చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ. శత్రువు కదలికల్ని దుర్భిణిలో చూసి వైర్‌లెస్‌లో చెప్పిన మనిషి ఇప్పుడు ఫుడ్ డెలివరీ కుర్రాడి బండి నంబరు రిజిస్టర్లో రాసుకుంటాడు. గేటు తీయడం అర నిమిషం ఆలస్యమైతే కారులోంచి హారన్, ఆ వెంటనే "ఏయ్ సెక్యూరిటీ!" అన్న కేక.

ఇందులో జాలిపడాల్సింది లేదు. జాలిపడితే ఆయనే ఊరుకోరు. డ్యూటీ ఏదైనా డ్యూటీయే అంటారు, అదీ సగం హిందీలో. పద్దెనిమిదేళ్లకు వదిలి వెళ్లిన ఊరి యాస చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని మీద ఫౌజు హిందీ పేరుకుని ఉంటుంది. వినడానికి బాగుంటుంది కూడా. నా అభ్యంతరం ఉద్యోగం మీద కాదు, ఆ కేక మీద. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్‌ను ఇంటిపేరుతో సహా గుర్తుపెట్టుకునే మనం, గేటు దగ్గర మూడేళ్లుగా ఉన్న మాజీ హవల్దారు పేరెప్పుడైనా అడిగామా?

ముప్పై నిండిన వారానికి

ఈ వైపే, ఎల్బీనగర్‌కు కొంచెం దూరంలో, కంచన్‌బాగ్ ఉంది. రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఉన్నది అక్కడే. 1965, 1971 యుద్ధాలు చూసిన వింగ్ కమాండర్ జగన్నాథ్ ఆచార్య వాయుసేన నుంచి రిటైరయ్యాక అందులో పనిచేశారు. ఒడిశా నుంచి వచ్చి హైదరాబాదీలైపోయిన కుటుంబం. కొడుకు పద్మపాణి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని సైన్యంలో చేరాడు. 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో మేజర్ అయ్యాడు.

1999 జూన్‌లో కార్గిల్ యుద్ధం ముదిరినప్పుడు ఆయన ద్రాస్ ప్రాంతంలో ఉన్నారు. జూన్ 19న తండ్రికి ఒక ఉత్తరం రాశారు. యుద్ధం సంగతి కంటే అందులో ఇంటి సంగతే నా మనసులో ఎక్కువగా నిలిచింది. భార్య చారులత అప్పుడు గర్భిణి. రోజూ ఆమెకు మహాభారతంలోంచి ఒక్కో కథ చెప్పమనీ, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందనీ తండ్రిని కోరారు. అభిమన్యుడి కథ వింటూ పెరిగిన ఇళ్లలో ఆ కోరిక వెనక ఏముందో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

జూన్ 21కి ఆయనకు ముప్పై ఏళ్లు నిండాయి. సరిగ్గా వారానికి, 28వ తేదీ రాత్రి, తోలోలింగ్ దగ్గరి లోన్ హిల్ మీదున్న శత్రు స్థావరాన్ని పట్టుకునే పని ఆయన కంపెనీకి పడింది. మందుపాతరలు, మెషిన్ గన్లు, పైనుంచి ఫిరంగి గుళ్లు. ముందు వెళ్లిన ప్లటూన్ దెబ్బతింది. రిజర్వులో ఉన్నవాళ్లను తీసుకుని మేజర్ స్వయంగా పాకుతూ బంకర్ దాకా వెళ్లి గ్రెనేడ్లు వేశారు. గాయాలతో కదల్లేని స్థితిలో, తనను అక్కడే వదిలేసి దాడి కొనసాగించమని జవాన్లను ఆదేశించారు. స్థావరం చేజిక్కింది, ఆయన దక్కలేదు. అదే పోరులో కెప్టెన్ నైకెఝాకువో కెంగురుసే, కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా నేలకొరిగారు. పద్మపాణికి మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. మన దేశంలో పరమవీర చక్ర తర్వాత యుద్ధ శౌర్యానికి ఇచ్చే అత్యున్నత పతకం అదే. ఆ తర్వాత కొన్ని నెలలకు కూతురు అపరాజిత పుట్టింది.

2003లో వచ్చిన 'ఎల్ఓసీ కార్గిల్' హిందీ సినిమాలో మేజర్ పద్మపాణి పాత్ర వేసింది మన నాగార్జున. పేరు చెబితే తడుముకునేవాళ్లు కూడా "నాగార్జున వేశాడే..." అంటే తలూపుతారు. దాన్ని తప్పుపట్టను, ఏదో ఒక దారిన గుర్తుంటే మంచిదే. కానీ ఆ తండ్రి సంగతి ఆలోచించండి. రెండు యుద్ధాల నుంచి తాను క్షేమంగా తిరిగొచ్చి, మూడో యుద్ధానికి కొడుకును పంపి, ఆ తర్వాత ఇదే నగరంలో ఏళ్ల తరబడి బతికిన మాజీ సైనికుడు ఆయన. 'అమరవీరుడి తండ్రి', 'మాజీ సైనికుడు' అని మనం వేర్వేరు ఫైళ్లలో పెట్టుకునే రెండు బతుకులు చాలా ఇళ్లలో ఒకే కుర్చీలో కూర్చుని ఉంటాయి.

సూర్యాపేట రోడ్డు

అదే ఎల్బీనగర్ రోడ్డు మీద ముందుకెళ్తే సూర్యాపేట. కల్నల్ సంతోష్‌బాబుది ఆ ఊరే. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ప్రాణాలిచ్చారు. కరోనా భయంతో జనం ఇళ్లు దాటని రోజుల్లో కూడా ఆ అంతిమయాత్రకు సూర్యాపేట వీధుల్లోకి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం లేచింది. మహావీర చక్ర కూడా వచ్చింది. చేయాల్సిన పనే, చేశారు. మెచ్చుకోవాలి.

అదే ఏడాది నవంబర్ 8న కశ్మీర్‌లోని మాచిల్ సెక్టార్లో చొరబాటుదారులతో పోరాడుతూ ర్యాడా మహేశ్ చనిపోయాడు. నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం కోమన్‌పల్లి కుర్రాడు. ఆయనతో పాటే చిత్తూరు జిల్లాకు చెందిన ప్రవీణ్‌కుమార్ రెడ్డి. 2013 అక్టోబర్‌లో, నగరం బక్రీద్‌కు సిద్ధమవుతున్నప్పుడు, పూంఛ్ దగ్గర నియంత్రణ రేఖపై కాల్పుల్లో లాన్స్ నాయక్ మహమ్మద్ ఫిరోజ్ ఖాన్ అమరుడయ్యాడు. మన పాతబస్తీ మనిషి. ఈ మూడు పేర్లూ చదవగానే గుర్తొచ్చాయా? నిజాయితీగా చెప్పుకుందాం. ర్యాంకు తగ్గేకొద్దీ మన జ్ఞాపకం పలచబడుతుంది.

గెలుపు లేని యుద్ధమైతే అసలు మిగలదు. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో శాంతి సేనగా వెళ్లి 1,100 మందికి పైగా భారత సైనికులు చనిపోయారు. వాళ్లకు ఆ దేశ రాజధాని ప్రాంతంలో స్మారకం కట్టారు. ఇక్కడ మాత్రం ఆ యుద్ధం గురించి ఎవరూ సినిమా డైలాగులు చెప్పరు, కవాతులు చేయరు. ఆ అడవుల్లో మందుపాతర ముక్కలు ఒంట్లో దిగిన జవాన్లలో చాలామందికి ఇప్పుడు అరవై దాటింది. మోకాళ్లు పట్టేసినప్పుడు "వయసు మీద పడింది కదా తాతా" అని మనవడు అంటే ఊ కొట్టి ఊరుకుంటారు.

ఇక కొత్త తరం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో ఎం. మురళీ నాయక్ అమరుడయ్యాడు. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ, నాలుగేళ్ల సర్వీసు మీద చేరిన అగ్నివీరుడు. యుద్ధంలో చనిపోయిన అగ్నివీరుడి కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలానికి జీతం, సేవానిధి వస్తాయి. రెగ్యులర్ సిపాయి కుటుంబానికి వచ్చే నెలనెలా పింఛను మాత్రం రాదు. రెగ్యులర్ సైనికుడు శత్రువు చేతిలో చనిపోతే భార్యకు చివరి జీతమంతా పింఛనుగా వస్తుంది, దాన్నే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అంటారు. ఒకే బంకర్లో ఒకే తూటాకు పోయిన ఇద్దరి ఇళ్లకు రెండు లెక్కలన్నమాట. ఇది సరికాదని నా అభిప్రాయం. బతికొచ్చేవాళ్ల మాటకొస్తే, 2022 చివర, 2023 మొదట్లో చేరిన తొలి బ్యాచ్‌లకు నాలుగేళ్లు నిండేది 2026 చివర, 2027 మొదట్లో. నలుగురిలో ఒక్కరినే సైన్యం ఉంచుకుంటుంది. మిగతావాళ్లు పాతికేళ్లకు అటూఇటూగానే 'మాజీ'లై ఇంటికొస్తారు, పింఛను లేకుండా. నాగోల్ గేట్ల దగ్గర రేపు కనిపించబోయే ఫౌజీకి నెరిసిన మీసం ఉండకపోవచ్చు.

పతకం అంచు మీద

ఎప్పుడైనా అవకాశం దొరికితే ఒక పాత పతకాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. పెద్ద శౌర్య పతకమే కానక్కర్లేదు. 1971లో తూర్పు రంగంలో ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్, పడమర ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు, వాటితో పాటు సంగ్రామ్ మెడల్. 1965 వాళ్లకు సమర్ సేవా స్టార్. కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ పతకాలు. ముందువైపు బొమ్మా వెనకవైపు అక్షరాలూ అందరివీ ఒకటే. గుండ్రటి మెడల్ అయితే పక్కకు తిప్పి అంచు చూడాలి. నాణెం అంచంత సన్నటి చోట ఆ జవాను నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. వేలితో తడిమితే గరుకుగా తగులుతాయి. ప్రభుత్వం ఒక సిపాయి పేరును లోహం మీద చెక్కించిన అరుదైన చోటు అది. చాలా ఇళ్లలో అవి దేవుడి గూట్లో ఉండవు. బీరువాలో, భూమి కాగితాల కింద, డిశ్చార్జ్ బుక్‌తో పాటు ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి.

పతకాలు ధరించేవాళ్లు ఎడమ ఛాతీ మీద పెట్టుకుంటారు. చనిపోయినవారి పతకాలను భార్యో, తల్లో, బిడ్డో పెట్టుకుంటే కుడివైపు పెట్టుకుంటారు. జూలై 26 కార్గిల్ విజయ్ దివస్ సభల్లోనో, డిసెంబర్ 16న 1971 విజయోత్సవంలోనో ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లను గమనించండి. పతకం కుడివైపు ఉంటే ఆ మనిషి తిరిగి రాలేదని అర్థం.

సర్వీసులో ప్రాణమిచ్చినవారికి జెండా కప్పుతారు, గాల్లోకి తుపాకులు పేలుస్తారు. రిటైరైన ముప్పై ఏళ్లకు ఏ చలికాలపు తెల్లవారుజామునో ఇంట్లో కన్నుమూసిన హవల్దారుకు సాధారణంగా ఆ హంగు ఉండదు. నాగోల్ పక్కనే ఫతుల్లాగూడలో హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు ఒకే ప్రాంగణంలో అంతిమ సంస్కారాల స్థలం కట్టారు. బ్యారక్‌లో ఒకే లంగరు కూడు తిన్నవాళ్లకు అది సరైన చోటే. అక్కడికి పాత బెరెట్ పెట్టుకుని నలుగురు తోటి ఫౌజీలు వచ్చి సెల్యూట్ చేస్తే అదే గొప్ప. అప్పటికి గానీ కాలనీవాళ్లకు తెలియదు, ఆయన 1971లో ఎక్కడున్నారో.

భోగి రోజున ఎవరుంటారు?

మాజీ సైనికుల దినోత్సవం జనవరి 14న. తొలి భారతీయ సైన్యాధిపతి కరియప్ప 1953లో రిటైరైన రోజది. దిల్లీకి అది ఒక తేదీ. మనకు భోగో సంక్రాంతో! ఆ రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తా ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు తెలుసు. బ్యాగులు, పిల్లలు, విజయవాడ బస్సుల కోసం తోపులాట. ఊరు ఖాళీ. ఉన్న నలుగురు మాజీ సైనికులూ అదే బస్సుల్లో ఉంటారు. తెలుగు నేల మీద ఆ దినోత్సవం అంటుకోలేదంటే అందులో వింతేముంది?

అదే ఎల్బీనగర్ చౌరస్తాలో 2009 నవంబర్ 29న తెలంగాణ రాష్ట్రం కోసం శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబర్ 3న చనిపోయాడు. అక్కడున్న అతని విగ్రహానికి ఇప్పటికీ దండలు పడుతూనే ఉన్నాయి. అమరులను గుర్తుపెట్టుకోవడం ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. సైనికుల విషయంలో మనకు కుదిరే తేదీ కావాలంతే. డిసెంబర్ 7 ఉండనే ఉంది. 1949 నుంచి సాయుధ దళాల పతాక దినోత్సవం ఆ రోజే. స్కూల్లో పది రూపాయలిచ్చి చొక్కాకు చిన్న జెండా గుచ్చుకున్న జ్ఞాపకం చాలామందికి ఉంటుంది. ఆ చందా ఎక్కడికి పోతుందో అప్పుడెవరూ చెప్పలేదు. పింఛను లేని వృద్ధ సైనికులకు, సైనిక వితంతువులకు, పిల్లల చదువులకు వెళ్తుంది.

పింఛను లేని సైనికులు కూడా ఉంటారా? ఉంటారు. నిర్ణీత సర్వీసు పూర్తికాకుండా బయటికొచ్చినవాళ్లు ఎందరో. 65 దాటి, హవల్దారు వరకు ర్యాంకులో ఉండి, పింఛను రాని మాజీ సైనికులకు, అలాంటివాళ్ల వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. నెలకు 4 వేలున్న ఆ మొత్తాన్ని 2025 నవంబర్ నుంచి 8 వేలు చేశారు. పిల్లల చదువు సాయం వెయ్యి నుంచి 2 వేలకు, కూతురి పెళ్లి సాయం 50 వేల నుంచి లక్షకు పెరిగాయి. దరఖాస్తు చేసుకుంటేనే వస్తాయి. తెలియనివాళ్లు ఎలా చేసుకుంటారు?

పింఛను వస్తున్న ఇళ్లలో చిక్కు వేరు. పింఛన్లన్నీ ఇప్పుడు 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాయి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. వేలిముద్రలు అరిగిపోయిన ముసలాయనకు మిషన్ ముందు ప్రతిసారీ పరీక్షే. అంతకన్నా పెద్ద చిక్కు ఆయన పోయాక మొదలవుతుంది. డిశ్చార్జ్ బుక్‌లో భార్య పేరు 'లక్ష్మమ్మ', ఆధార్‌లో 'లక్ష్మి', పుట్టినతేదీ రెండింటిలో రెండు రకాలు. పింఛను కాగితంలో ఆమె పేరే ఎక్కకపోవడమూ ఉంది. ఆయన బతికుండగా అయితే దరఖాస్తు పెట్టి సరిదిద్దుకోవచ్చు. పోయాక ఆ సవరణ కోసం డెబ్బై ఏళ్ల మనిషి రికార్డు ఆఫీసుతో ఉత్తరాలు నడపాలి. నాసిక్‌లోనో జబల్‌పూర్‌లోనో ఉండే ఆ ఆఫీసు పేరు కూడా ఆమెకు పలకడం రాదు. పన్నెండో రోజు కాకముందే ఆమె ముందు పడే కాగితాల కట్ట ఇది.

ఈ చిక్కుల్లో చాలావాటికి మంత్రులో, కోట్లో అక్కర్లేదు. కాలనీ సంక్షేమ సంఘం చాలు. గణపతి మండపానికి ఇంటింటికీ తిరిగి చందా రాసుకునే కుర్రాళ్లే ఒక ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని తిరిగితే సరిపోతుంది. ఈ ఇంట్లో ఫౌజులో చేసినవాళ్లున్నారా, ఎక్కడ చేశారు, పింఛను వస్తోందా, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా, అమ్మ పేరు పింఛను కాగితంలో, ఆధార్‌లో ఒకేలా ఉందా? గేటు దగ్గరున్న ఆయన్ని కూడా పేరుపెట్టి పలకరించి ఇవే అడగండి. డిసెంబర్ 7 పతాక దినోత్సవానికి ముందే, నవంబర్ నెలాఖరులోపు ఆ జాబితా రాసి, సాయం కావాల్సినవాళ్లను వెంటబెట్టుకుని సైనిక సంక్షేమ శాఖ కార్యాలయానికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ బుక్ ఒరిజినల్, రెండు జిరాక్సులు మరిచిపోవద్దు.